తోమిన రూపాయి

నాణేలు పోగుచేసేవాళ్ళ భాషలో "గుడ్" అంటే బాగాలేదని. "వెరీ గుడ్" అంటే కొంచెం నయమని. "ఫైన్" అన్నారంటే బాగా అరిగిపోయింది గానీ గుర్తుపట్టొచ్చని. "ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్" దాకా వెళ్తే గానీ మనలాంటి వాళ్ళం "పర్లేదు, బాగుంది" అనుకునే స్థితి రాదు. ఇది తెలిసినప్పుడు మొదట నవ్వొచ్చింది, తర్వాత కొంచెం సిగ్గేసింది. ఎందుకంటే ఆ భాష నాకు కొత్తదేం కాదు. పుస్తకాల మీద నేను రాసే నాలుగు ముక్కల్లో "మంచి ప్రయత్నం" అన్నానంటే దాని అర్థమేమిటో నాకు తెలుసు, ఆ పుస్తకం రాసినాయనకీ తెలుసు. "ఆశ కలిగించే రచయిత" అంటే ఇంకా రాలేదని. ముందుమాటలో "మైలురాయి" అంటే స్నేహితుడని.

నేను నాణేలవాణ్ణి కాదు. పగలు కోడ్ రాస్తాను, రాత్రి పుస్తకాలు చదువుతాను. ఈ గొడవలోకి మా నానమ్మ లాగింది, అదీ పోయాక.

ఆవిడ సామాన్లలో రెండు చార్మినార్ రూపాయలు దొరికాయి. రెండూ నిజాం కాలపు హాలీ సిక్కాలు. పదకొండు గ్రాముల పైచిలుకు బరువు, నూటికి దాదాపు 82 పాళ్ళు వెండి. ఒకవైపు చార్మినార్. దాని మధ్య తలుపులో "ఐన్" అనే అక్షరం. ఉస్మాన్ అలీ ఖాన్ పేరు ఆ అక్షరంతోనే మొదలౌతుంది. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయి మీద అదే తలుపులో "మీమ్" ఉంటుంది. గుడి అదే, దేవుడు మారాడన్నట్టు.

ఒక రూపాయి దేవుడి అర్రలో దొరికింది. ప్రతి దీపావళికీ లక్ష్మీపూజలో పెట్టేది అదే. పూజకు ముందు రోజు నానమ్మ దాన్ని విభూదితో తోమేది, బట్టతో తుడిచేది, కుంకుమ బొట్టు పెట్టేది. అది తళతళా మెరిసేది. రెండోది ట్రంకుపెట్టె అడుగున, పాత చీర ముక్కలో ముడేసి ఉంది. అది నల్లగా, అంచుల్లో కొంచెం నీలంగా, మాసిన గిన్నెలా ఉంది. పంచుకునేటప్పుడు పెద్దదని మా మేనత్తకు మెరిసేది ఇచ్చారు. నల్లది నాన్నకొచ్చింది. నాన్న నాకిచ్చాడు. "పాతవి నీకిష్టం గదా" అన్నాడు. మిగిలింది నీకు అని అర్థం.

ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల కోసం తిరుగుతూ, జేబులో ఉంది కదా అని దాన్ని ఒక చిన్న కొట్లో చూపించాను. కొట్టాయన అంచులు పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. "దీన్ని ఎవ్వలు ముట్టలే సార్. గట్లనే ఉంచుండ్రి. పొరపాటున గూడ తోమకుండ్రి" అన్నాడు. అత్త రూపాయి ఫొటో ఫోన్‌లో చూపించాను. చూడగానే తల అడ్డంగా ఊపాడు. "ఖతం. వెండి రేటు వస్తది, అంతే."

నలభై ఏళ్ళ భక్తికి వెండి రేటు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఇంటికొచ్చి, ఈ తీర్పులు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటే. దీన్ని సాహిత్య పత్రికకు ఎందుకు పంపిస్తున్నానంటే, నాకు దొరికింది నాణేల శాస్త్రం కాదు, విమర్శ.

*

ఇప్పుడు ప్రపంచమంతా వాడే 70 అంకెల కొలబద్ద 1949లో పుట్టింది. విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త "ఎర్లీ అమెరికన్ సెంట్స్" అని ఒక పుస్తకం వేశాడు. 1958లో దాన్నే పెంచి "పెన్నీ విమ్సీ" అన్నాడు. విషయం చాలా చిన్నది: అమెరికా టంకశాల 1793 నుంచి 1814 దాకా కొట్టిన పెద్ద రాగి సెంట్లు. ఒక్క 1794 సంవత్సరంలోనే అచ్చుల జతలు యాభైకి పైగా ఉన్నాయి. జుట్టు వంపులో తేడా, అంకెల మధ్య ఎడంలో తేడా. షెల్డన్ ఒక్కో జతకి ఒక్కో నంబరిచ్చాడు. వాటిలో 48వ నంబరు నాణేనికి వెనకవైపు అంచు పళ్ళ మధ్య 94 చిన్నచిన్న నక్షత్రాలుంటాయి. ఇలాంటి వాటిని కళ్ళు కాయలు కాసేలా చూసినవాడు రాసిన పుస్తకమది.

ఆ పుస్తకంలోనే ఆయన ధర చెప్పడానికి ఒక లెక్క పెట్టాడు. ఏ రకమో గుర్తుపట్టగలిగినంత మాత్రమే మిగిలిన నాణెం విలువ 1. టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టున్నది 70. మధ్యలో గుడ్ 4, వెరీ గుడ్ 8, ఫైన్ 12, వెరీ ఫైన్ 20, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 40, చేతులు మారలేదన్నట్టున్నది 50, అసలు మారనే లేదన్నది 60. ఈ అంకెలు ఇలా ఎగుడుదిగుడుగా ఎందుకున్నాయో ఇంజనీరుగా నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఇవి కొలతలు కావు, ధరలు. 20 గ్రేడున్న నాణెం 1 గ్రేడున్న దానికి ఇరవై రెట్లు పలకాలి. ఆ రోజుల్లో, ఆ రాగి సెంట్ల బజారులో, ఇంచుమించు అలాగే పలికేవట.

కొన్నేళ్ళకే ఆ నిష్పత్తి చెదిరిపోయింది. ధరలు పెరిగాయి, పైవాటివి మరీ పెరిగాయి. లెక్క చచ్చిపోయింది, అంకెలు మాత్రం బతికాయి. 1970ల చివర అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాటిని అన్ని రకాల నాణేలకీ తీసుకుంది. రాగి సెంట్ల ధర చెప్పడానికి పుట్టిన అంకె వెండి డాలరుకూ బంగారు నాణేనికీ "నాణ్యత" అయి కూర్చుంది. మా ఆఫీసు కోడ్‌లో ఇలాంటివి బోలెడుంటాయి. ఎవరో ఎప్పుడో ఒక అవసరానికి పెట్టిన సంఖ్య. అవసరం పోతుంది, పెట్టినవాడు ఉద్యోగం మానేస్తాడు, ఆ సంఖ్యను కదిలించడానికి మాత్రం అందరికీ భయం.

*

అయితే గ్రేడింగ్ అంతా బూటకమని తేల్చి చేతులు దులుపుకోవడం కుదరదు. గ్రేడర్ ఏం చూస్తాడో తెలిశాక నాకు గౌరవం పెరిగింది.

అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం మధ్య నుంచి అంచులకు పారుతుంది. ఆ పారిన గుర్తులు కంటికి కనబడనంత సన్నని గీతలై నాణెం ముఖం మీద మిగిలిపోతాయి. దీపం కింద కొత్త నాణేన్ని వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరిగేది ఆ గీతల వల్లే. చేతులు మారినకొద్దీ ముందు ఎత్తైన చోట్ల అవి నలిగిపోతాయి. అమెరికా సెంటు మీదైతే స్వేచ్ఛాదేవి జుట్టు ముందు పోతుంది. అన్నీ నలిగాక మెరుపు పోతుంది, తర్వాత రూపం పోతుంది, ఆఖరికి పేరు పోతుంది.

తోమడం వేరు. విభూది మెత్తగానే ఉంటుంది గానీ వెండి అంతకన్నా మెత్తన. తోమిన ప్రతిసారీ పైపొర కొంత లేస్తుంది, వెంట్రుకవాసి గీతలు పడతాయి. మెరుపు వస్తుంది, కానీ అది నాణెం మెరుపు కాదు, తోమిన మెరుపు. బండిచక్రం తిరగదు, పళ్ళెంలా మెరుస్తుంది, అంతే. నా రూపాయి మీద నలుపేమో గాలిలోని గంధకంతో వెండి కలిసి కట్టిన పొర. దాని కింద పారిన గీతలు చెక్కుచెదరలేదు. అంటే మా ఇంట్లో "మురికి" అన్నది కాపాడింది, "శుభ్రం" అన్నది తినేసింది. కొట్టాయన చెప్పింది నిజమే.

గ్రేడర్ చేసే ఇంకో పని నన్ను బాగా ఆకట్టుకుంది. చార్మినార్ గీతలు మసకగా ఉన్నాయనుకోండి. రెండు కారణాలుండొచ్చు. టంకశాలలోనే దెబ్బ సరిగా పడకపోయి ఉండొచ్చు. లేదా బాగా పడి, తర్వాత చేతుల్లో అరిగి ఉండొచ్చు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనుభవమున్నవాడు ఆ మసక మీదే వెలుగు తిప్పి చూస్తాడు. అక్కడ కూడా మెరుపు బతికి ఉంటే దెబ్బ తక్కువపడిందని. మెరుపు చచ్చి, రంగు మారి ఉంటే అరిగిందని.

విమర్శకుడికి రోజూ వచ్చే ప్రశ్న ఇదే కదా. శ్రీశ్రీని మొదటిసారి చదివిన నా కొలీగ్ ఒకమ్మాయి "అంతా స్లోగన్లలా ఉందేంటి?" అంది. ఆమె కళ్ళకు కనిపించిన మసక నిజమే. కానీ అది రాతలో పడని ముద్రా, లేక ఊరేగింపుల్లో, గోడల మీద, సభల్లో తిరిగి తిరిగి అరిగిన ముద్రా? ఆ ప్రశ్న వేసుకోకుండా "ఫ్లాట్‌గా ఉంది" అని నక్షత్రాలు కోసేస్తే అది గ్రేడింగ్ కూడా కాదు. అలాగే ఉల్టా. నిజంగానే దెబ్బ తక్కువపడ్డ కవితను "కాలం అరగదీసింది" అని వెనకేసుకు రావడం కూడా నేను చేశాను, మా ఊరి కవుల విషయంలో మరీ ముఖ్యంగా.

ఒక్క చోట మాత్రం ఈ విలువల పట్టిక నన్ను ఇబ్బంది పెడుతుంది. పై పదకొండు అంకెలు, 60 నుంచి 70 దాకా, ఎన్నడూ వాడని నాణేలవి. నాణెం పుట్టిందే చేతులు మారడానికి. ఆ పని ఒక్కసారి కూడా చేయనిది అన్నిటికన్నా గొప్పది. ఎన్ని కూలీలు ఇచ్చిందో, ఎన్ని పెళ్ళిళ్ళలో చదివింపులు అయిందో తెలియని అరిగిన రూపాయి అడుగున. అట్టలు విప్పని పుస్తకానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసినట్టు.

*

స్థితి ఒక సంగతి, అరుదు ఇంకొక సంగతి. షెల్డన్ దీనికీ ఒక కొలబద్ద ఇచ్చాడు, ఆర్-1 నుంచి ఆర్-8 దాకా. తెలిసినవి ఒకటి నుంచి మూడే ఉంటే ఆర్-8. నాలుగు నుంచి 12 ఆర్-7. తర్వాత పై హద్దులు 30, 75, 200, 500, 1250. అంతకుమించి ఉంటే ఆర్-1, మామూలు. ఈ హద్దుల్ని వరసగా రాసుకుంటే, 12 తర్వాత ప్రతిదీ ముందుదానికి సుమారు రెండున్నర రెట్లు. ఈయన గణితం నాకు నచ్చింది. ప్రపంచంలో మూడున్న దానికీ పన్నెండున్న దానికీ మధ్య తేడా, వెయ్యికీ వెయ్యీ తొమ్మిదికీ మధ్య తేడాలాంటిది కాదు కదా.

నిష్ఠగా చూస్తే ఈ కొలబద్ద ఒక మంచి పాఠం చెబుతుంది: అరుదుకూ ఖరీదుకూ మధ్య చుట్టరికం దూరపుది. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల, శిల్పి పేరులోని వి.డి.బి. అనే పొడి అక్షరాలతో కొట్టిన లింకన్ సెంట్లు 4,84,000. ఈనాటికీ వేలకు వేలు ఉన్నాయి. షెల్డన్ లెక్కలో ఆర్-1, మామూలు. అయినా అమెరికాలో ప్రతి పిల్లాడి ఆల్బమ్‌లో ఆ గుంట ఖాళీగా ఉంటుంది కాబట్టి ఖరీదు తగ్గదు. లోకంలో రెండో మూడో ఉన్న నాణేలు ఎన్నో చవగ్గా పడి ఉంటాయి, అడిగేవాడు లేక.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 1884లో అదే టంకశాల కొట్టిన మోర్గాన్ డాలరు అరిగినది కావాలంటే సులువుగా దొరుకుతుంది. వాడనిది కావాలంటే మాత్రం మహా అరుదు. అంటే ఆ నాణెం అరుదు కాదు, ఆ స్థితి అరుదు. గ్రేడ్ ఒక్క మెట్టు మారితే మామూలుది మాణిక్యం అవుతుంది. అప్పుడు ఆ మెట్టు ఎవరు నిర్ణయిస్తారన్నది పెద్ద ప్రశ్నే.

తెలుగులో మనకు ఈ జబ్బు వేరే రూపంలో ఉంది. "ఎక్కడా దొరకదు" అన్నది పుస్తకానికి మనమిచ్చే అత్యున్నత బిరుదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను కొన్న పుస్తకాల్లో సగం ఆ కారణం మీదే కొన్నాను. వాటిలో ఎన్నో ఎందుకు మళ్ళీ వేయలేదో చదివాక తెలిసింది. ఆర్-7, గ్రేడ్ గుడ్.

*

1980ల మధ్య దాకా గ్రేడ్ అంటే అమ్మేవాడు కవరు మీద పెన్సిల్‌తో రాసిన మాట. అమ్మేటప్పుడు ఫైన్, కొనేటప్పుడు గుడ్. ఈ మోసానికి విరుగుడుగా 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ పని మొదలుపెట్టాయి. నాణెం వాళ్ళకు పంపితే ఒకరికి మించి చూసి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి తిరిగిస్తారు. కలెక్టర్లు (జిల్లా కలెక్టర్లు కాదు) దాన్ని స్లాబ్ అంటారు. తోమిన నాణేనికైతే అంకె వేయరు, "క్లీన్డ్" అని రాసి రూపం వివరాలు మాత్రం చెప్తారు. నకిలీల బెడద తగ్గింది. దూరదేశంలో ఉన్నవాడు కూడా చూడకుండా కొనగలుగుతున్నాడు. ఇది చిన్న మేలు కాదు.

కానీ చూడకుండా కొనడమే అలవాటైంది. జనం నాణెం మానేసి లేబుల్ చదవడం మొదలుపెట్టారు. 64కీ 65కీ మధ్య వేల డాలర్ల తేడా ఉన్నప్పుడు, 64 వచ్చినవాడు డబ్బా పగలగొట్టి మళ్ళీ పంపుతాడు, ఇంకోసారి పంపుతాడు, ఏదో ఒక రోజు 65 వస్తుంది. నాణెం అదే. ఏ గ్రేడులో ఎన్నున్నాయో సంస్థలు ప్రచురించే పట్టికలో ఆ ఒక్కటే మూడుసార్లు ఎక్కి కూర్చుంటుంది, పాత లేబుళ్ళు తిరిగి పంపకపోతే. మొదట్లో, గ్రేడింగ్ నిష్పాక్షికమనీ ఎప్పుడూ ఒకేలా ఉంటుందనీ పీసీజీఎస్ చేసిన ప్రకటనల మీద 1990లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం లేవనెత్తింది. అదే కాలంలో మోర్గాన్ డాలర్లను కంప్యూటర్ చేత గ్రేడ్ చేయించే ప్రయత్నం కూడా జరిగింది. నిలవలేదు. గీతలు లెక్కపెట్టడం యంత్రానికి వచ్చు. ఆ గీత బుగ్గ మీద ఉంటే ఎందుకంత బాధ, జుట్టులో ఉంటే ఎందుకు పర్లేదు అన్నది చెప్పడమే కష్టం. ఇక 2007లో సీఏసీ అనే సంస్థ వచ్చింది. అది ఆ స్లాబులనే మళ్ళీ చూసి, ఇచ్చిన గ్రేడుకు నాణెం నిజంగా తగినదైతే ఒక పచ్చ స్టిక్కర్ అతికిస్తుంది. విమర్శ మీద విమర్శ.

ఇదంతా చూస్తే నాకు నా పాపం గుర్తొస్తుంది. ఐదారేళ్ళ కింద ఒక కొత్త కథకుడి మొదటి సంపుటికి ఒక పుస్తకాల యాప్‌లో రెండున్నర నక్షత్రాలిచ్చాను. కింద ఒక్క వాక్యం: "కొన్ని కథలు బాగున్నాయి, కొన్ని ఇంకా బాగుండాల్సింది." ఆయన నాకు ఒక మెయిల్ రాశాడు. కోపం లేదు, ఒకటే ప్రశ్న. "ఏ కథలో, ఎక్కడ అండీ?" నేను జవాబు రాయలేదు. రాయకపోవడానికి కారణం పొగరు కాదు. నాకు గుర్తు లేదు. పుస్తకం చదివిన పది రోజులకు నా దగ్గర మిగిలింది ఆ రెండున్నర మాత్రమే. అది ఎలా వచ్చిందో చూపించే దారి ఎక్కడా రాసుకోలేదు. డబ్బాకి సీలు వేసి పంపేశాను.

రాగి సెంట్ల అభిమానులు మాత్రం ఇప్పటికీ వేరే దారిలో నడుస్తారు. 1967లో ఏర్పడ్డ ఎర్లీ అమెరికన్ కాపర్స్ అనే సంఘం వాళ్ళు గ్రేడ్‌ని రెండు మెట్లలో చెప్తారు. ముందు రూపం ఎంత మిగిలిందో చెప్తారు: వెరీ ఫైన్ 30, అనుకుందాం. తర్వాత పైముఖం ఎలా ఉంది: చాయిస్, యావరేజ్, స్కడ్జీ అని మూడు మాటలున్నాయి వాళ్ళకి. స్కడ్జీ అంటే మన "గలీజు"కి దగ్గర. తర్వాత ఏ దెబ్బకు ఎంత తగ్గించారో చెప్పి, నికరంగా వెరీ గుడ్ 10 అంటారు. ఆఖరి అంకె చిన్నదే. కానీ 30 నుంచి 10కి ఎందుకు దిగారో నాణెం చేతిలో పట్టుకుని మీరు సరిచూసుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, పోట్లాడొచ్చు. నా రెండున్నరతో ఆ కథకుడికి పోట్లాడే వీలు కూడా లేకుండా చేశాను. విమర్శలో నేను చేసిన తప్పు తక్కువ మార్కులు వేయడం కాదు, ఎక్కడ అన్నది చెప్పకపోవడం.

*

ఇక షెల్డన్ సంగతి. ఈయన మొదటి వృత్తి నాణేలు కాదు, మనుషుల శరీరాలు. లావు, కండ, సన్నం అని మూడు పాళ్ళు పెట్టి, ఒక్కో పాలుకీ 1 నుంచి 7 దాకా అంకె వేసి, ఆ మూడంకెలతో మనిషి స్వభావం చెప్పొచ్చన్నాడు. ఎండోమార్ఫ్, మెసోమార్ఫ్, ఎక్టోమార్ఫ్ అని జిమ్‌లో వినే మాటలు ఈయనవే. దానికోసం అమెరికాలో పేరున్న కాలేజీల్లో కొత్తగా చేరిన విద్యార్థుల్ని నగ్నంగా నిలబెట్టి తీసిన ఫొటోలు వాడుకున్నాడు. 1995లో ఈ కథ పత్రికకెక్కి పెద్ద దుమారం రేగింది. ఆ స్వభావ శాస్త్రాన్ని ఇవాళ ఎవరూ నమ్మరు. శరీరానికి 7, నాణేనికి 70. రెండోదానికి నోరు లేదు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

1977లో ఆయన పోయాడు. 1990 తర్వాత బయటపడింది అసలు కథ. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి 1946లో జార్జ్ క్లాప్ అనే ఆయన తన రాగి సెంట్లన్నీ దానంగా ఇచ్చాడు. ఆ సొరుగులు షెల్డన్‌కి తెరిచి ఉండేవి. ఆయన మంచి నాణెం తీసుకుని, అదే సంవత్సరం, అదే రకం, కొంచెం తక్కువ గ్రేడుది దాని స్థానంలో పెట్టాడు. తర్వాత తన సేకరణ మొత్తం అమ్మేశాడు. కొన్నాయనకూ సొసైటీకీ కాలిఫోర్నియాలో కేసు నడిచింది. పోయిన సంగతి సొసైటీకి తెలిసిన రోజు నుంచే గడువు లెక్క మొదలౌతుందని అప్పీలు కోర్టు 1996లో తేల్చింది.

ఎన్నో ఏళ్ళు ఎందుకు పట్టుబడలేదు? జాబితా ప్రకారం అన్నీ ఉన్నాయి. 48వ నంబరు గుంటలో 48వ నంబరే ఉంది. లెక్క సరిపోతుంది. రకం, సంవత్సరం తప్పు కాదు. మారింది ఆ ఒక్క నాణెం మాత్రమే. చివరికి పట్టించింది కూడా అంకెలు కాదు. పాత ఫొటోలు, పాత వివరాలు తీసి, ఈ బుగ్గ మీద ఈ నొక్కు ఉండాలి, ఈ అంచులో ఈ గీత ఉండాలి, అదెక్కడ? అని ఒక్కోదాన్ని పోల్చి చూసిన అభిమానులు పట్టించారు.

ఈ దొంగతనం గురించి చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. గ్రేడ్ అంతా కల్పన అనేవాళ్ళకు షెల్డన్ జవాబు. ఆ తేడా నిజం కాకపోతే పేరూ ప్రతిష్ఠా ఉన్న మనిషి దానికోసం దొంగ ఎందుకవుతాడు? గ్రేడే సర్వం అనేవాళ్ళకు కూడా ఆయనే జవాబు. గ్రేడ్ చాలు అనుకుంటే ఒక నాణెం ఇంకోదాని బదులు సరిపోతుంది, దొంగ కూడా దొరకడు. అంకె పోలికలు చెప్తుంది. ఇదే అది అని చెప్పాలంటే మళ్ళీ కూర్చుని చూడాలి, చూసింది రాసి పెట్టాలి.

*

ఇదంతా చదివాక నాకు ఒక చిక్కొచ్చింది. నాదగ్గరున్నది మంచి రూపాయి. అత్త దగ్గరున్నది తోమినది. పెద్దదని గౌరవించి ఇచ్చింది దానికన్నా మిగిలిందని నాకిచ్చింది ఎక్కువ పలుకుతుంది. నిజానికి మరీ పెద్ద డబ్బేం కాదు. చార్మినార్ రూపాయలు ఊళ్ళలో ఇంకా బోలెడున్నాయి, షెల్డన్ లెక్కలో ఆర్-1. అయినా తెలిసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. షెల్డన్ రహస్యంగా చేసిన మార్పిడి నేను బహిరంగంగా, తలకిందులుగా చేద్దామనుకున్నాను.

సంక్రాంతికి అత్త ఇంటికి వెళ్ళినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి అంతా చెప్పాను. దీపం కింద వంచి బండిచక్రం చూపించాను. అత్త శ్రద్ధగా విన్నది. నల్లదాన్ని చేతిలోకి తీసుకుంది. నేను చెప్పాను కాబట్టి అంచులే పట్టుకుంది.

"గిది మంచిదే రా. కాదన్న" అంది. తిరిగి నా చేతిలో పెట్టింది. "నీదాన్ని ఎవ్వలు తోమలే. నాదాన్ని మా అమ్మ తోమింది. బదులెట్లిస్త?"

ఆమె దగ్గర్నుంచి రూపాయి తీసుకుని భూతద్దం పెట్టి చూశాను. వెంట్రుకవాసి గీతలు నిజంగానే ఉన్నాయి. అడ్డదిడ్డంగా లేవు. చార్మినార్ చుట్టూ గుండ్రంగా, ఒకే దిక్కుగా పోతున్నాయి. నానమ్మది ఎడమచేతి వాటం. ఎడమ బొటనవేలితో రుద్దేది, ఎప్పుడూ ఒకే వైపుకి.

ఎర్లీ కాపర్స్ వాళ్ళ పద్ధతిలో దాని గ్రేడ్ రాసి ఇంటికి తెచ్చుకున్నాను. రూపం: వెరీ ఫైన్ 30. పైముఖం: తోమినది, విభూదితో, ఏటా ఒకసారి, నలభై ఏళ్ళ పాటు, ఎడమచేత్తో. మినార్ల కొసలు మెత్తబడ్డాయి. ఐన్ గుంటలో ఎర్రగా కొంచెం కుంకుమ ఉంది, తీయలేదు. నికరం: 10. అంకె తక్కువే. దాన్ని మార్చడానికి నాకు కారణమేమీ కనబడలేదు.

ఆ రాత్రే ఆ కథల సంపుటి అలమరలోంచి తీసి మళ్ళీ మొదటి కథ నుంచి చదవడం మొదలుపెట్టాను, పక్కన పెన్సిల్ పెట్టుకుని. ఇప్పటికి నాలుగు కథలయ్యాయి. మూడో కథలో తండ్రి బస్సు దిగే చోట ముద్ర సరిగా పడలేదు, అది ఇప్పటికీ అంటాను. కానీ రెండో కథను నేనప్పుడు సరిగా చదవలేదు. మొత్తం అయ్యాక ఆయనకు జవాబు రాయాలి. ఐదారేళ్ళు ఆలస్యంగా.